ఇంటర్న్‌షిప్ బ్యాగు, అవ్వ కొసరు

అనంతపురం బస్టాండు దగ్గర టీ కప్పు ఏటేటా చిన్నదవుతోంది. ఇప్పుడిస్తున్నదాన్ని కప్పు అనడం మర్యాద కోసమే. దగ్గుమందు సీసా మూత అంత ఉంటుంది. పెదవి తడిసేలోపే అడుగు కనిపిస్తుంది. అదైనా సర్దుకోవచ్చు. మునుపు గాజు గ్లాసులున్నప్పుడు, తాగేసి గ్లాసు ముందుకు చాపితే టీ ఆయన మన మొహం కూడా చూడకుండా ఇంకో గుక్క పోసేవాడు. దాన్ని ఎవరూ నోరు తెరిచి అడిగేవాళ్ళు కాదు, ఎవరూ వద్దనేవాళ్ళు కాదు. కొసరు అంటే అదే. ఇప్పుడు కాగితం కప్పు చాపితే ఆయన చెత్తబుట్ట చూపిస్తున్నాడు. ఈ ఫిర్యాదు ఏ కౌంటర్లో ఇవ్వాలో తెలియక ఇక్కడ రాసుకుంటున్నాను.

ఎంబీఏ ఆఖరి ఏడాదిలో మాకు ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. తప్పనిసరి అన్నారు కానీ ఎవరిస్తారో చెప్పలేదు. నా తోటివాళ్ళు చాలామంది బెంగళూరు రైలెక్కారు. నాకు దొరికింది అనంతపురంలోనే, ఒక మందుల షాపు పైన రెండు గదుల్లో నడిచే ఏజెన్సీ. బీమా కంపెనీల తరఫున పొలాల్లో నిలబడి చూసే మనుషుల్ని పంపడం దాని వ్యాపారం. నిలబడి చూడటానికి ఎంబీఏ ఎందుకని నేనడగలేదు. జీతం ఎంత కావాలని వాళ్ళూ అడగలేదు.

పంపే ముందు కాలేజీలో మాకు ఒకరోజు శిక్షణ ఇచ్చారు. బెంగళూరు నుంచి వచ్చిన శిక్షకుడు తన బ్యాగు తెచ్చి బల్ల మీద పెట్టి, మెజీషియన్ లాగా ఒక్కొక్కటే బయటికి తీశాడు. లాప్‌టాప్, దాని చార్జరు, పవర్ బ్యాంకు, నోట్‌ప్యాడు, రెండు పెన్నులు, విజిటింగ్ కార్డుల డబ్బీ, గొడుగు, శానిటైజరు, తడి టిష్యూలు, నోరు కంపు కొట్టకుండా పుదీనా బిళ్ళలు, లీటరు నీళ్ళ సీసా, బూట్లు తళతళలాడించే స్పాంజి. ఆఖర్న చిన్న పెన్ను లాంటిదొకటి పైకెత్తి, "మీటింగ్ మధ్యలో చొక్కా మీద కాఫీ ఒలికింది, ఏం చేస్తారు?" అని అడిగాడు. క్లాసంతా ఆలోచనలో పడింది. మాలో ఎవరికీ మీటింగ్ అనుభవం లేదు. కాఫీ కూడా పండగలప్పుడే. అది మరకలు పోగొట్టే పెన్ను అని ఆయనే చెప్పి, బ్యాగును చూస్తే మనిషి తెలిసిపోతాడని ముగించాడు.

నేను అన్నీ కొన్నాను. బుద్ధిమంతుడైన విద్యార్థికి ఉండే జబ్బు అది. మరకల పెన్ను అనంతపురంలో దొరక్కపోతే ఆన్‌లైన్‌లో తెప్పించాను. బుక్కరాయసముద్రంలో మాది పంక్చర్ల అంగడి. మొదటిరోజు పొద్దున నాయన బ్యాగు ఎత్తి చూసి, కింద పెట్టి, టైరు వైపు తిరిగాడు.

"ఏమప్పా, పనికి పోతాండావా, ఇల్లు ఖాళీ చేస్తాండావా?"

నాకు అప్పగించింది పామిడి నుంచి ఆటోలో వెళ్ళాల్సిన ఒక పల్లె. చేయాల్సింది పంట కోత ప్రయోగం. పేరు పెద్దదే గానీ పని చిన్నది. ఊళ్ళో ఒక చేను లాటరీలో వస్తుంది. ఆ చేన్లో తాడుతో చదరంగా కొంత చోటు కొలిచి, అందులోని వేరుశనగ చెట్లు పీకి, కాయలు తెంపి తూస్తారు. ఆ కాయల్ని బాగా ఎండబెట్టి మళ్ళీ తూస్తారు. లెక్కలోకి వచ్చేది ఎండిన తూకమే. దానికి పైనుంచి ఒక గీత గీసి ఉంటుంది. తూకం గీత కింద ఉంటే పంట పోయినట్టు, ఊరందరికీ బీమా వస్తుంది. గీత దాటితే పంట పండినట్టు, ఎవరికీ ఏమీ రాదు. ఆ ఊళ్ళో అంతకుముందు రెండేళ్ళూ గీత దాటింది. పంట మాత్రం ఎవరూ చూడలేదు. ఈసారీ రాకపోతే వచ్చే వానకు విత్తనం వేయలేమని ఆటోలో నా పక్కన కూర్చున్నాయన నేను అడక్కుండానే చెప్పాడు.

ఆ ఏటి పంట గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు కూడా. విత్తేటప్పుడు ఒక వాన పడింది. ఆ తర్వాత మేఘాలు రోజూ టైముకొచ్చి, హాజరు వేసుకుని, పని చేయకుండా వెళ్ళిపోయాయి. చెట్టు పూత పూసింది. ఊడలు కిందికి దిగాయి గానీ, ఎర్రనేల అప్పటికే గట్టిపడిపోయి లోపలికి రానివ్వలేదు. కాయ నేల లోపల కాయాలి. నేలే తలుపు తీయకపోతే చెట్టు మాత్రం ఏం చేస్తుంది.

లాటరీలో వచ్చిన చేను రైతుకు నలభై దాటి ఉంటాయి. సన్నటి మనిషి. గట్టు మీద గొంతుక్కూర్చుని, నా బ్యాగును, బూట్లను, మెడలో వేలాడుతున్న కార్డును వరసగా చూశాడు.

"బీమా సారంటే నువ్వేనాప్పా? ఇంకెవరన్నా పెద్దోడు వస్తాడనుకుంటిమే."

"నేను ఇంటర్న్‌నన్నా."

"అంటే ఏంది?"

"జీతం లేకుండా పని నేర్చుకునేవాణ్ణి."

"ఓ, అట్లనా. అయితే నేనూ అదే. మా నాయన పోయినకాడి నుంచి నేర్చుకుంటాండా. ఇంగా రాలే."

ఊరి వ్యవసాయ సహాయకురాలు నా ఈడుదే. ట్యాబ్ పట్టుకుని అప్పటికే తాడు కొలుస్తోంది. ఆమె దగ్గర ట్యాబ్, తాడు, కాటా, గుడ్డసంచి తప్ప ఏమీ లేవు. అవి చాలు. నాకు పెద్దగా పని తగల్లేదు. కూలికొచ్చిన ఆడవాళ్ళు చెట్లు పీకుతుంటే నిలబడి చూశాను. అది నా ఉద్యోగమే గనక మనస్ఫూర్తిగా చూశాను. పల్లేరు కాయలు బూట్ల అడుగున దిగి టక్కుటక్కుమంటుంటే, స్పాంజి గుర్తొచ్చింది.

ఒక్కో చెట్టుకు రెండో మూడో కాయలు. నొక్కితే చాలావాటిలో గాలే. లొట్టకాయలు. కాటా చుట్టూ ఊరు మూగింది. అంకెలు ఆగగానే సహాయకురాలు, "పచ్చి తూకం గీతకు కొంచెమే పైనుండాది. ఎండితే గీత కిందికి పడిపోతాది" అన్నది. తమ పంట తక్కువ వచ్చిందని సంతోషించే జనాన్ని నేను చూడటం అదే మొదలు. సంతోషమంటే ఈలలూ కేకలూ కాదు. ఒకాయన బీడీ వెలిగించాడు, ఇంకొకాయన దానికి అగ్గి అడిగాడు. అంతే.

నియమం ప్రకారం కాయల్ని రైతు ఇంట్లోనే ఆరబెట్టాలి. గుడ్డసంచిని రైతు మిద్దెకు తీసుకెళ్ళాడు. వాకిట్లో వాళ్ళమ్మ కూర్చుని ఉంది. బాగా ముసలామె, వంగిపోయింది, కళ్ళు మాత్రం చురుకు. రైతు సంచి ఆమె ఒళ్ళో పెట్టాడు.

"అమ్మా, భద్రం. ఊరంతట్లో మన శెనక్కాయలే ఏరినారు. ఢిల్లీకి పోతాయంట."

"ఢిల్లీకా?" అవ్వ సంచిలో చెయ్యి పెట్టి ఒక కాయ తీసి నొక్కింది. అది టిక్కుమని పగిలింది. "ఈ లొట్టవా?"

"ఈ లొట్టవే. నువ్వూ పోతావా దాండ్ల ఎంబడి?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, జోకులు వేసేవాణ్ణి గనక ఇంకొకరి జోకుకు నవ్వడం బాధ్యత అనుకుంటాను. అవ్వ నవ్వలేదు. పగిలిన కాయను అటూ ఇటూ తిప్పి చూసి, ఎవరూ చూడలేదనుకుని గోడ అవతల పడేసింది.

నీళ్ళిచ్చారు, తాగాను. నా దగ్గర ఏమైనా ఇవ్వడానికి ఉందా అని వెతికితే పుదీనా బిళ్ళలు చేతికొచ్చాయి. అవ్వకు ఒకటి ఇచ్చాను. చప్పరిస్తూ కాసేపు ఆకాశం వైపు చూసింది.

"నోట్లోకి గాలి తోలినట్ల ఉండాది నాయనా. వాన వచ్చే ముందర తోల్తాదే, అట్ల."

ఆ బిళ్ళల కంపెనీవాళ్ళు ఈ మాట వింటే డబ్బీ మీద అచ్చేసుకునేవాళ్ళు. నేను డబ్బీ మొత్తం ఆమెకిచ్చేసి వచ్చాను. బ్యాగు బరువు తగ్గలేదు.

మళ్ళీ నన్ను పంపేసరికి కాయలు కలకలలాడేలా ఎండిపోయి ఉంటాయని లెక్క. వెళ్ళేసరికి చేను ఖాళీ. మిగిలిన చెట్లు పీకి, కాయ తెంపి, కట్టెను గొడ్ల మేతకు వామి వేశారు, చేన్లో గొర్రెలు తిరుగుతున్నాయి. రైతు అప్పుడు రోడ్డు పనికి పోతున్నాడు, పొద్దున పోతే చీకటికి రావడం. ఆ పూట పని మానుకుని ఉతికిన చొక్కా వేసుకుని ఉన్నాడు. వాకిట్లో జనం ముందే చేరి ఉన్నారు. తెలిసిన ఫలితం వినడానికి వచ్చినవాళ్ళ నిదానం వాళ్ళలో ఉంది.

అవ్వ సంచిని తనే ఎత్తుకొచ్చింది. కొడుకు చెయ్యి అడ్డం పెట్టబోతే ఇవ్వలేదు. కాటా మీద తనే పెట్టింది.

అంకెలు ఆగాయి. సహాయకురాలు సంచిని ఎత్తి, మళ్ళీ పెట్టింది. మళ్ళీ అవే అంకెలు.

"గీత దాటినాదే," అన్నది మెల్లగా. "పచ్చి తూకానికి కొంచెమే తగ్గినాది. ఎండలేదా ఇవి?"

చెయ్యి పెట్టి ఊపితే గలగలమన్నాయి. ఎండాయి. రైతు ముందుకొచ్చాడు.

"మీ కాటా సరింగా ఉండాదా మేడం?"

ఆమె నా వైపు చూసింది. నా లీటరు సీసా మూత తీయనిది ఒకటి బ్యాగులో ఉంది. తీసి కాటా మీద పెట్టాం. లీటరు నీళ్ళు ఎంత తూగాలో అంతే తూగాయి. శిక్షకుడు తెచ్చుకోమన్న సామానులో ఆ రోజు పనికొచ్చింది అదొక్కటే. అది కాటా కరెక్టని తేల్చింది.

సహాయకురాలు అంకె ఎక్కించింది. ఫొటో తీసింది. నేను పక్కన నిలబడి కార్డు కనిపించేలా ఇంకో ఫొటో దిగాను. రైతు సంతకం, నా సంతకం. ట్యాబ్‌లో చిన్న చక్రం తిరిగి ఆగింది. పోయింది. ఆ ఊళ్ళో సిగ్నల్ ఎప్పుడూ ఉండదని అందరూ చెప్తారు. ఆ ఒక్కసారి ఉంది.

అప్పుడు అవ్వ నన్ను అడిగింది.

"చాలునా నాయనా? ఇంగా కొంచెం ఏసేదా?"

అందరూ ఆమె వైపు తిరిగారు.

"ఏం ఏసేది?" అన్నాడు రైతు.

"కాయలు. మంచివి ఏసినాలే. నువ్వు పనికి పోయినంక దినామూ మిద్దె పైన కూచోని లొట్టవి ఏరి పారేసినా. సంచి ఈడికి దిగిపాయె. ఇంట్లో నుంచి ఒకరి చేతికి పోయేదాన్ని అట్ల పిసినారిగా ఎట్ల పంపిచ్చేది? విత్తనాల మూట ఇప్పి దోసిట్లతో ఏసినా. ఆపైన కొసరు ఏసినా. ఢిల్లీలో చూసినోళ్ళు నవ్వుకోకూడదు గదా."

వాకిలి నిశ్శబ్దమైపోయింది అని రాయాలని ఉంది గానీ, కాలేదు. ఎవరో "ఏం పని చేస్తివే ముసల్దానా" అన్నారు. ఎవరో పెద్దగా ఏదో అరిచి, మధ్యలోనే ఆపేశారు. బీడీ ఆయన వెలిగించుకున్న బీడీని చూసుకుంటూ ఉండిపోయాడు. ఢిల్లీ మాట ఎవరన్నదో రైతుకు గుర్తొచ్చిందని మొహం చూస్తే తెలిసింది.

నేను మిద్దె ఎక్కి మా సూపర్‌వైజరుకు ఫోన్ చేశాను. సగం చార్జింగే ఉంటే పవర్ బ్యాంకు తగిలించి మరీ మాట్లాడాను. జరిగింది చెప్పాను.

"కలిపినారా?" అన్నాడు. "తగ్గించినారని చెప్తే నేను నమ్ముతా. కలిపినారంటే ఎవరప్పా నమ్మేది?"

"నిజం సార్. ఆమె..."

"సంతకాలు అయినాయా? ఫొటో పోయినాదా? తూకం గీత దాటినాదా? ఇంగేంది. కంపెనీ మన మీద గుర్రుగా ఉండేది దాటనప్పుడు. నువ్వు బాగా చేసినావు. నీ సర్టిఫికెట్‌లో రాస్తాలే."

తర్వాత రాశాడు కూడా. పని పట్ల శ్రద్ధ అమోఘం అని ఇంగ్లీషులో ఉంది.

కిందికి దిగేసరికి సహాయకురాలు కూడా ఫోన్‌లో తన పై ఆఫీసరుతో మాట్లాడి పెట్టేసింది. ఎక్కిన అంకెను మార్చడానికి లేదట. నిబంధనలు ఆమె కంఠతా వచ్చినట్టు చెప్పింది. రైతు కాయలు దాచితే ఏం చేయాలో ఉంది. సంచి మారిస్తే ఏం చేయాలో ఉంది. ఎండబెట్టకుండా తడిపితే ఏం చేయాలో కూడా ఉంది. తనకు నష్టం వచ్చేలా సొంత విత్తనాలు తెచ్చి కలిపే మనిషి గురించి ఎవరూ రాయలేదు. అలాంటి మనిషి ఉంటుందని రాసినవాళ్ళకు తట్టి ఉండదు.

"మళ్ళా చేసేదానికి కాదా?" అని అడిగారు ఎవరో.

"చేయల్లంటే చేన్లో చెట్టు ఉండల్ల గదన్నా," అన్నది సహాయకురాలు. దూరంగా గొర్రెలు మేస్తుండటం అక్కణ్ణుంచి కనిపిస్తోంది.

జనం ఒక్కొక్కరే లేచి వెళ్ళారు. ఎవరూ తలుపు బాదలేదు, ఎవరూ శాపనార్థాలు పెట్టలేదు. పోతూ పోతూ ఒకాయన "కొసరంట" అన్నాడు, అంతే. కోపం తెచ్చుకోవడానికి కూడా కొంచెం ఆశ మిగిలి ఉండాలి అనుకుంటాను.

అవ్వకు విషయం అప్పుడు అర్థమైంది. సహాయకురాలు పక్కన కూర్చుని మెల్లగా చెప్పింది. ఆమె చాలాసేపు విని, ఒకటే అడిగింది.

"తక్కువుంటేనే దుడ్లు ఇస్తారా? పంట లేదని చూపిచ్చుకునేదానికా ఊరంతా వచ్చింది?"

"అవునవ్వా."

"సిగ్గుగా లేదా మీకు?"

ఎవరిని అన్నదో తెలియదు. రైతు మాత్రం తల దించుకున్నాడు. ఆ తర్వాత ఆమె లోపలికి పోయి విత్తనాల మూట తెచ్చి వాకిట్లో పరిచింది. అందులో మిగిలింది ఎంత తక్కువో కనిపించింది. మాకు కనిపించేలా ఆమె పరిచిందా, తనే చూసుకుందామని పరిచిందా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు. సంచిలోని కాయలు తిరిగి ఇవ్వడానికి లేదు. వాటికి ముద్ర పడింది. నేను ఆఫీసులో అప్పగించాలి. అనంతపురంలో ఆ రెండు గదుల్లో ఒక మూల పెడతారు, ఎలుకలకు పండగ. ఈ సంగతి వాళ్ళకు చెప్పలేదు. ఢిల్లీ అన్నది అబద్ధమని కూడా ఎవరూ ఆమెతో అనలేదు.

నేను లేచాను. అవ్వ మూటలోంచి దోసిలి నిండా తీసి నా వైపు చాపింది.

"పట్టు నాయనా."

"వద్దవ్వా. విత్తనాలు అవి."

"దోసెడు కాయలతో విత్తేది లేదు, పండేది లేదు. వచ్చినోనివి ఉత్త చేతుల్తో పోతే నాకు బాగుండదు. బ్యాగు తెరువు."

కాదనడానికి నాకు ఏ శిక్షణా ఇవ్వలేదు. బ్యాగు తెరిచాను. చోటు లేదు. చోటు చేయడానికి ఒక్కొక్కటే తీసి మంచం మీద పెట్టాను. చార్జరు, గొడుగు, తడి టిష్యూలు, ఎవరికీ ఇవ్వని విజిటింగ్ కార్డుల డబ్బీ. అవ్వ దోసిలి అలాగే పట్టుకుని నిలబడి ఉంది. రైతు వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. ఒకటి చేతిలోకి తీసుకున్నాడు.

"ఇదేంది?"

"బూట్లు తుడుచుకునేదన్నా."

దాన్ని పెట్టి ఇంకొకటి తీసుకున్నాడు.

"ఇది?"

"చేతులు కడుక్కునేది. నీళ్ళు లేకుండా."

"నీళ్ళు లేకుండానా," అని దాన్ని కొంచెం ఎక్కువసేపు పట్టుకుని చూశాడు. మరకల పెన్ను మిగిలింది. మూత తీసి, ముల్లు లేకపోవడం చూసి, నా వైపు చూశాడు.

"మరకలు పోగొట్టేదన్నా."

"ఏం మరకలు?"

"కాఫీ మరకలు."

మూత పెట్టి, మిగతావాటి పక్కన వరసగా సర్ది పెట్టాడు. అవ్వ కాయల్ని బ్యాగులోకి జార్చి, వెనక్కి తిరిగి ఇంకో గుప్పెడు తెచ్చి పైన వేసింది. కొసరు. నేను సామానంతా ఎలాగో కుక్కి జిప్పు లాగుతుంటే అది మధ్యలో పట్టేసింది. రోడ్డు మీద పామిడి ఆటో హారన్ కొట్టింది. రైతు ముందుకు వంగి, జిప్పు సర్ది, బ్యాగు ఎత్తి నా భుజానికి తగిలించాడు. బరువు చూసుకున్నట్టు ఒక్క క్షణం ఆ పట్టీ వదల్లేదు.

"ఇంత మోస్తాండావే అబ్బీ, దీంట్లో మాకు పనికొచ్చేది ఒక్కటన్నా ఉండాదా?"